వత్తి తగ్గిస్తే

కిరసనాయిలు దీపానికి వత్తి తగ్గిస్తే నూనె మిగిలేది. కరెంటు బల్బులో ఆ పొదుపు తీగకు దక్కింది. తీగ ఎంత వేడెక్కితే అంత వెలుగు, అంత త్వరగా ఆవిరై తెగిపోవడం. వోల్టేజి ఐదు శాతం తగ్గితే బల్బు ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్నది ఇంజనీర్ల పాత లెక్క. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి వెలుగుతున్న బల్బును అందరూ వింతగా చెప్పుకుంటారు. కానీ ఇప్పుడది వాడుకునే కరెంటు నాలుగు వాట్లే, వెలుగు పడగ్గది దీపమంతే. 1924 చివర్లో జెనీవాలో పెద్ద కంపెనీలు ఫీబస్ కూటమిగా కూడి, బల్బు ఆయుష్షును 1000 గంటలకు కట్టేశాయి. అంతకు మించి బతికే బల్బు చేసినవారికి జరిమానా వేశాయి. అది లాభాపేక్షే, సందేహం లేదు. అయితే ఆయుష్షు తగ్గించి వెలుగు పెంచామన్న వారి సాకుకు భౌతికశాస్త్రం కొంత సాక్ష్యం చెప్పింది.

ఈ బేరాన్ని హాలోజెన్ బల్బు రద్దు చేసిందని చాలామంది నమ్మారు. మామూలు బల్బులో ఆవిరైన టంగ్‌స్టన్ గాజు లోపలి గోడకు నల్లగా పట్టేస్తుంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన ఎల్మర్ ఫ్రిడ్రిక్, ఎమ్మెట్ వైలీ చిన్న క్వార్ట్జ్ గొట్టంలో అయొడిన్ అనే హాలోజెన్‌ను రవ్వంత చేర్చి 1959లో పేటెంటు పొందారు. గోడ దగ్గర టంగ్‌స్టన్‌ను అయొడిన్ పట్టుకుంటుంది, మండే తీగ దగ్గరికి చేరగానే వదిలేస్తుంది. ఇది జరగాలంటే గోడ సుమారు 250 డిగ్రీల సెల్సియస్‌కు పైబడి కాలుతుండాలి. ఇక్కడ ఒక చిక్కుంది. తిరిగొచ్చిన లోహం తీగ పలచబడ్డ చోటే అతుక్కోదు. అంటే ఈ చక్రం గోడను శుభ్రంగా ఉంచుతుందే తప్ప తీగను చిరంజీవిని చేయదు. పెరిగిన ఆయుష్షులో పెద్ద వాటా, ఆ చిన్న గట్టి గొట్టంలో ఎక్కువ ఒత్తిడితో నింపిన జడవాయువుది. ఆ ఒత్తిడి తీగను త్వరగా ఆవిరి కానివ్వదు.

అదే 1959లో జోయెల్ స్పైరా ఇళ్లలో గోడకు బిగించుకుని వెలుగు తగ్గించుకునే ఎలక్ట్రానిక్ డిమ్మర్‌ను రూపొందించాడు. రెండూ ఒకచోట చేరాక ఒక భయం పుట్టింది. వెలుగు తగ్గిస్తే గొట్టం గోడ చల్లారుతుంది, చక్రం ఆగుతుంది, బల్బు నల్లబడి త్వరగా పోతుంది అన్నారు. మొదటి రెండు మాటలూ నిజమే, మూడోది సగం నిజం. వేడి కాస్త తగ్గినా తీగ ఆవిరయ్యే వేగం ఎన్నో రెట్లు పడిపోతుంది. శుభ్రం చేయాల్సిన లోహమే పెద్దగా ఉండదు. పట్టిన కొద్దిపాటి నలుపు వెలుగును అడ్డుకుంటుంది గానీ తీగను తెంచదు. కాసేపు పూర్తి వెలుగులో ఉంచితే ఆ నలుపూ చాలావరకు పోతుంది. దీనికి మరో అభ్యంతరం ఉంది: గొట్టంలోని హాలోజెన్, ముఖ్యంగా తర్వాత వాడకంలోకి వచ్చిన బ్రోమిన్, తీగలో చల్లబడ్డ కొసలను కొరుక్కుతింటుంది. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. అందుకే మరీ మసకగా, గంటల తరబడి వెలిగించే హాలోజెన్ బల్బుకు పాత లెక్క చెప్పినంత ఆయుష్షు రాదు. అయినా ఒక మోస్తరుగా తగ్గిస్తే బల్బు సాధారణంగా ఎక్కువ కాలమే మన్నుతుంది.

అసలు నష్టం వేరే చోట ఉంది. వెలుగును సగానికి దించినా బల్బు తాగే కరెంటు సుమారు 28 శాతమే తగ్గుతుంది. తీగ ఎర్రబడ్డకొద్దీ కరెంటులో ఎక్కువ పాలు కంటికి కనిపించని వేడిగానే పోతుంది. 2018 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ ఇళ్లలో వాడే చాలా రకాల హాలోజెన్ బల్బులను మార్కెట్ నుంచి తప్పించింది కూడా అవి తొందరగా మాడిపోతున్నాయని కాదు, కరెంటు దండగవుతోందని. డిమ్మర్ హాలోజెన్‌ను చంపలేదు. ఒక మేరకు బతికించింది. కాకపోతే వత్తి తగ్గించినప్పుడు మన పెద్దలకు మిగిలింది నూనె. ఇక్కడ మిగిలింది వత్తి మాత్రమే.