ఓర్వకల్లు సీమలో పండ్లు తోమే తీరు

కర్నూలు–నంద్యాల దారిలోని ఓర్వకల్లు వంటి మెట్ట పల్లెల్లో పండ్లు తోముకునే సామాను చాలాకాలం ఇంట్లోదో పెరట్లోదో: వేపపుల్ల, కానుగపుల్ల, ఉప్పు, బొగ్గు, ఇటుకపొడి, కచ్చిక. చిటికెనవేలంత లావు వేపపుల్లను విరిచి, కొస కుచ్చులా మారేదాకా నమిలి పండ్లు రుద్దేవారు. చివరికి అదే పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకునేవారు. పిల్లలకు లేతపుల్ల ఇచ్చేవారు. వేప మేలే చేసింది. బొగ్గు, ఇటుకపొడి మాత్రం పంటి పైపొరను అరగదీశాయి. 20వ శతాబ్దంలో పండ్లపొడి, ఆపైన బ్రష్, పేస్టు వచ్చాయి.

మెట్టప్రాంతాల్లో అసలు చిక్కు నీళ్లలో ఉంది. 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బును, గుర్తించింది. రాతినేలల్లో లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశముంది. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగుతూ పెరిగితే, పండ్లు రూపుదిద్దుకునే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, పిల్లల పంటికి మచ్చలు పడవచ్చు. ఎంత తోమినా అవి పోవు. శుభ్రత లేదని ఆ పిల్లలను తిట్టడం అన్యాయం. ఇంటి బోరునీటిని పరీక్ష చేయించడం పెద్దల పని.

పంటి వైద్యానికి నేడు అదే నంద్యాల రోడ్డు మీద, కర్నూలులో, జి.పుల్లారెడ్డి దంతవైద్య కళాశాల ఉంది. కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది.