చక్కెర పెరగలేదు, డెక్క మాత్రం జారింది

కొంగరకలాన్ లాంటి మన ఊళ్లలో పెళ్లికొడుకును మోసే గుర్రం కుంటితే ముందు లాడం విప్పి చూస్తాం. అక్కడ తప్పేమీ కనబడకపోతే తారురోడ్డును తిడతాం. దోషి గుర్రం నెత్తురులోనే ఉండొచ్చని తేల్చింది మాత్రం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం. కేథరిన్ ఆస్ప్లిన్, క్రిస్ పోలిట్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగం అది.

తొమ్మిది పొట్టి గుర్రాలు. ఏ ఒక్కదానికీ అప్పటికి జబ్బు లేదు. ఐదింటి నరాల్లోకి ఇన్సులిన్ బొట్టుబొట్టుగా ఎక్కుతోంది. చక్కెర పడిపోకుండా పక్కనుంచి గ్లూకోజు. మిగతా నాలుగింటికి ఇన్సులిన్ లేని ద్రావణం. పరగడుపున మిల్లీలీటరుకు ఇరవై మైక్రోయూనిట్ల లోపు ఉండాల్సిన ఇన్సులిన్ వెయ్యి దాటింది. చక్కెర మాత్రం మామూలుగానే ఉంది. అసలు మెలిక అక్కడే.

మొదటి రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. సగటున యాభై అయిదు గంటలకు జబ్బు బయటపడింది. స్వీడన్ పశువైద్యుడు నిల్స్ ఓబెల్ 1948లో ఈ కుంటుకు నాలుగు మెట్లు పెట్టాడు. మొదటి మెట్టులో గుర్రం నిలబడ్డచోటే కాళ్లు మార్చి మార్చి ఎత్తుతుంది. రెండో మెట్టులో నడుస్తుంది గానీ అడుగు బిగదీసుకుని పడుతుంది. నాలుగోదాకా వస్తే బలవంతపెడితే తప్ప కదలదు. 72 గంటలు తిరిగేలోపు ఐదింటికీ, నాలుగేసి కాళ్లలోనూ రెండో మెట్టు. ఇన్సులిన్ ఎక్కించని నాలుగు గుర్రాల్లో ఒక్కటీ కుంటలేదు.

కుంటిన ఐదింటినీ అక్కడే చంపి డెక్కలు కోసి చూశారు. సైన్సు చాలాసార్లు ఇంత నిర్దయగానే తేలుతుంది.

డెక్క లోపలి ఎముక నేల మీద ఆనుకుని ఉండదు. డెక్క గోడకు వేలాడుతుంది. ఆ పట్టు అంతా వందల సన్నని మడతలది, ఒక్కో మడతకు మళ్లీ నూరుకు పైగా పిల్ల మడతలు. ఇన్సులిన్ అతిగా తగిలితే ఈ మడతల కణాలు సాగి బలహీనపడతాయి. గుర్రం బరువుకు ఎముక కిందికి జారుతుంది. ఇదే లామినైటిస్.

2010లో మెలోడీ డి లాట్ బృందం పెద్ద జాతి గుర్రాల మీదా ఇదే ఇన్సులిన్ ప్రయోగం చేసింది. అవి 48 గంటల్లోనే కుంటాయి.

ఇక మన దగ్గరికి వద్దాం. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటాం కదా, మెడమీద కొవ్వు గట్టుకట్టిన గుర్రానికి ఆ సామెత విషం. ముద్దుగా పెట్టే బెల్లం, గంపెడు ధాన్యం, కదలకుండా కట్టేసి ఉంచడం, అన్నీ కలిసి ఇన్సులిన్‌ను పెంచేవే. ముసలి గుర్రాల్లోనైతే పిట్యూటరీ గ్రంథి గాడితప్పడమూ ఇందుకు తోడవుతుంది. అందుకే ఇలాంటి గుర్రం కుంటితే పశువైద్యులు కాలి ఎక్స్‌రేతోపాటు రక్తంలో ఇన్సులిన్ కూడా చూస్తారు. చక్కెర ఒక్కటే చూస్తే జబ్బు దొరకదు. దాణా ఆపేసి, ఎండుగడ్డిని నీళ్లలో నానబెట్టి, తీపి దిగిన ఆ నీళ్లు పారబోసి మేపమంటారు.