ఒక్క ఆదివారం ఒగ్గేయండి అన్నయ్యా

మొన్నటి ఎపిసోడ్‌లో ఆదివారాల గురించి మాట్లాడుతూ సగంలో ఆపేశాను. టైం అయిపోయిందని చెప్పాను గానీ అసలు సంగతి అది కాదు, చెప్పాల్సిన మాట గొంతులో అడ్డం పడింది. మైకు ముందు కంటే రాయడం తేలికనిపించి ఇక్కడ రాస్తున్నాను.

నేను సింగపూర్‌లో సైట్ సూపర్‌వైజర్ని. మాది శ్రీకాకుళం జిల్లా. ఐటీఐ ఫిట్టర్ చేసి, చెన్నైలో స్కిల్ టెస్ట్ పాసై ఇక్కడికొచ్చాను. ఎవరు ఏ ఆదివారం పనికి రావాలో లిస్టు రాసేది నేనే. 2018లో మా సైట్‌లో పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒక స్కాఫోల్డింగ్ కుర్రాడు ఉండేవాడు. ఒక గురువారం టూల్‌బాక్స్ మీటింగ్ అయ్యాక నా దగ్గరికొచ్చి, "ఒక్క ఆదివారం ఒగ్గేయండి అన్నయ్యా" అన్నాడు. ఒగ్గేయడం అంటే మా వైపు వదిలేయడం. నేను ఒగ్గలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఈ ఆదివారం మనకి ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

పాత రోజులకి వెళ్దాం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నాటాల్ చెరకు తోటల్లో ఐదేళ్ళు పని చేయాలని ఒప్పందం. 1911 వరకు అలా వెళ్ళిన మనవాళ్ళు లక్షా యాభై వేల మందికి పైనే. అందులో మన విశాఖపట్నం జిల్లా నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు కూడా చాలామంది. తోట దాటి బయటికెళ్ళాలంటే యజమాని రాసిచ్చిన చీటీ చేతిలో ఉండాలి. చీటీ లేకుండా దొరికితే శిక్ష.

అలాంటి బతుకులో కూడా వాళ్ళు ఆట మానలేదు. సెలవు దొరికే పండుగల్లో పెద్దది మొహర్రం, మన పీర్ల పండుగ. అక్కడ ముస్లింలు తక్కువ, హిందువులు ఎక్కువ. అయినా అందరూ కలిసి వెదురూ రంగు కాగితాలతో తాజియాలు కట్టి ఊరేగించేవారు. ఒంటికి రంగులు పూసుకుని పులివేషాలు వేసేవారు, డప్పులు కొట్టేవారు. తెల్లవాళ్ళు దానికి ఎగతాళిగా 'కూలీ క్రిస్మస్' అని పేరు పెట్టారు. వేషం కట్టింది చెరకు నరికేవాడే, చూడ్డానికి వచ్చింది పక్క తోటలో చెరకు నరికేవాడే. టిక్కెట్టు లేదు, స్టేజీ లేదు. ఉన్నదల్లా ఒక సెలవు దినం, నడిచొచ్చిన నేస్తాలు. ఆ కుటుంబాల వాళ్ళే తర్వాత 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. పాట, భాష అన్నాళ్ళు నిలిచాయంటే ఎవరో వచ్చి కూర్చుని విన్నారు కాబట్టే.

ఇక సింగపూర్ సంగతి. 1968లో వచ్చిన ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ ప్రకారం వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఇవ్వాలి. కొన్ని మినహాయింపులు తప్ప, ఆ రోజు బలవంతంగా పని చేయించకూడదు. కంపెనీ అడిగితే సగం రోజు దాటి పని చేసినవాడికి రెండు రోజుల జీతం కట్టాలి. ఇది మనలో చాలామందికి తెలుసు. కానీ రెండు రోజుల జీతం అనే మాటకి మనమే మెత్తబడిపోతాం. ఊళ్ళో అప్పు ఉంటుంది, ఏజెంటు బాకీ ఉంటుంది.

ఆ సెలవు రోజున లిటిల్ ఇండియాకి వెళ్ళనివాళ్ళు తక్కువ. టెక్కా మార్కెట్, ముస్తఫా, సెరంగూన్ రోడ్డు, 1855లో కట్టిన పెరుమాళ్ గుడి. ఊరికి డబ్బు పంపాలన్నా, ఊరివాణ్ణి కలవాలన్నా అక్కడికే. మొదట్లో నేను కూడా కూరగాయలు కొని, ఫోన్ కార్డు కొని, డార్మ్‌కి వచ్చి పడుకునేవాణ్ణి. అక్కడ పాటలూ కవిత్వమూ నడుస్తున్నాయని నాకు తెలియలేదు.

ఆ దారి ముందు పట్టుకున్నది బంగ్లాదేశ్ వాళ్ళు. ఎ.కె.ఎం. మొహ్సిన్ అనే ఆయన 2006లో 'బాంగ్లార్ కంఠ' అనే పత్రిక మొదలుపెట్టారు. 2011లో రోవెల్ రోడ్డులో 'దిబాశ్రమ్' అని ఒక చోటు తెరిచారు. సెలవు రోజున పనివాళ్ళు వచ్చి హార్మోనియం ముందు కూర్చునేవారు, రాసుకున్నది చదువుకునేవారు, నాటకం రిహార్సల్ చేసుకునేవారు.

2013 డిసెంబరు 8, ఆదివారం రాత్రి. లిటిల్ ఇండియాలో బస్సు కింద పడి 33 ఏళ్ళ తమిళ కన్‌స్ట్రక్షన్ వర్కర్ చనిపోయాడు. గొడవ అల్లర్లయింది. బళ్ళు తగలబెట్టారు. నలభై ఏళ్ళకి పైగా ఈ దేశం అలాంటిది చూడలేదు. తర్వాత ఆ ప్రాంతంలో మద్యం మీద కట్టడి వచ్చింది, పోలీసులు పెరిగారు. మనం ఆదివారం నాడు గుంపుగా నిలబడితే చూసేవాళ్ళ చూపు మారిపోయింది. ఆ రోజుల్లో నేనూ మా వాళ్ళతో, "బయటికెళ్ళకండి, రూమ్‌లోనే ఉండండి" అనేవాణ్ణి. భయం అలాంటిది.

సరిగ్గా ఆ మరుసటి ఏడాది, 2014లో, వలస కార్మికుల కవితల పోటీ మొదలైంది. మొదట బెంగాలీలో, తర్వాత ఇతర భాషల్లో కూడా. తొలి రెండేళ్ళూ గెలిచింది జాకిర్ హుస్సేన్ ఖోకన్ అనే బంగ్లాదేశ్ వర్కర్. 2017లో ఎండీ షరీఫ్ ఉద్దీన్ రాసిన 'స్ట్రేంజర్ టు మైసెల్ఫ్' అనే పుస్తకం వచ్చింది. ఆయనా మనలాగే కన్‌స్ట్రక్షన్ మనిషి. 2018లో ఆ పుస్తకానికి సింగపూర్ బుక్ అవార్డుల్లో బహుమతి వచ్చింది. పని చేతులతో రాసిన పుస్తకం అది. కానీ అంతకు ముందు ఎన్ని ఆదివారాలు ఎంతమంది నేస్తాలు కూర్చుని వింటే ఆ రాత నిలబడి ఉంటుంది?

ఆడవాళ్ళ సంగతీ చెప్పాలి. ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళకి 1968 చట్టం వర్తించదు. వారానికో సెలవు అనే రూలు వాళ్ళకి 2013లోగానీ రాలేదు, అది కూడా సెలవుకి బదులు డబ్బు ఇవ్వొచ్చనే వెసులుబాటుతో. హాంకాంగ్‌లో ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు ఆదివారం నాడు సొంతంగా అందాల పోటీలు పెట్టుకుంటారు. వారమంతా ఒకరింట్లో గిన్నెలు తోమిన మనిషి ఆ రోజు కిరీటం పెట్టుకుని నడుస్తుంది. చప్పట్లు కొట్టేది తోటి పనివాళ్ళే. దాని మీద 2016లో 'సండే బ్యూటీ క్వీన్' అని సినిమా కూడా వచ్చింది. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

ఇప్పుడు నా సంగతి.

మా కుర్రాడు తప్పెటగుళ్ళు ఆడేవాడు. మా ఉత్తరాంధ్ర వాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. రేకు తప్పెట గుండె మీద కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, పాడుతూ గుండ్రంగా తిరుగుతూ వాయించే ఆట. మా వైపు యాదవులు తరతరాలుగా ఆడుతున్నారు. మధ్యలో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడే విన్యాసాలూ ఉంటాయి.

ఇక్కడ తప్పెటలు ఎక్కడ దొరుకుతాయి? నూనె డబ్బాల రేకు కత్తిరించి, అంచు మడిచి, తనే చేశాడు. టెక్కా సెంటర్ పై అంతస్తులో టైలర్‌ని బతిమాలి రంగు నిక్కర్లకి జరీ అంచు కుట్టించాడు. వేరే సైట్లలో ఉన్న ఏడుగుర్ని పోగేసి, మూడు నెలలు రాత్రి పూట డార్మ్ వెనకాల ప్రాక్టీసు చేశారు. లిటిల్ ఇండియా దగ్గర ఒక చిన్న హాల్లో, మన తెలుగువాళ్ళ కార్యక్రమంలో పదిహేను నిమిషాలు ఇచ్చారు. ఆదివారం సాయంత్రం.

ఆ వారం వానలకి స్లాబ్ కాస్టింగ్ వాయిదా పడి ఆదివారం మీద పడింది. మా సైట్ తువాస్ వైపు, చుట్టుపక్కల ఇళ్ళు లేవు, ఆదివారం పని చేయొచ్చు. నాకు మనుషులు కావాలి. అతను అడిగితే, "డబుల్ వస్తుంది కదరా" అన్నాను.

"డబ్బులు పైవారం కూడా వస్తాయి అన్నయ్యా. ఆట రాదు" అన్నాడు.

లిస్టులో పేరు రాసేశాను. నిజం చెప్పాలంటే అతను లేకపోయినా పని ఆగేది కాదు. వేరే స్కాఫోల్డర్ ఉన్నాడు, అతన్ని అడిగితే వచ్చేవాడు. అడగడానికి బద్ధకించాను. డాన్సు కోసం సెలవేంటి అని లోపల ఒక చులకన కూడా ఉంది. రూలు ప్రకారం బలవంతపెట్టకూడదని నాకు తెలుసు. అతను నా మాట కాదనలేడని కూడా తెలుసు.

అతను వచ్చాడు, పని చేశాడు, ఒక్క మాట అనలేదు. రాత్రి లారీలో తిరిగి వస్తుంటే ఎవరో ఫోన్‌లో వీడియో పెట్టారు. ఏడుగురే ఆడారు. భుజాల మీద ఎక్కే భాగం తీసేశారు. కింద నిలబడి బరువు మోసే మనిషి ఇతనే మరి. వీడియో మొత్తం చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మళ్ళీ అవకాశం వస్తుందిలే అనుకున్నాను. 2020 ఏప్రిల్‌లో కరోనా వచ్చి డార్మ్‌లకి తాళాలు పడ్డాయి. ఆ డిసెంబరుకి డార్మ్‌లలో ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి వైరస్ సోకిందని ప్రభుత్వమే చెప్పింది. బయట ఊరు తెరిచారు, మనకి తెరవలేదు. 2021 సెప్టెంబరులో వారానికి 500 మంది దాకా, కొన్ని గంటలు మాత్రం బయటికి పంపే ప్రయోగం మొదలైంది. డార్మ్ దాటడానికి పాస్ అక్కర్లేదన్నది 2022 జూన్‌లో. ఆ తర్వాత కూడా ఆదివారం లిటిల్ ఇండియా లాంటి చోట్లకి పాస్ ఉండాలన్నారు. నాటాల్ చీటీ గురించి చదివినప్పుడు నాకు నా ఫోన్‌లోని ఆ పాస్ గుర్తొచ్చింది. రోగం వేరు, కాలం వేరు, రెండూ ఒకటే అని అనను. కానీ బయటికెళ్ళే చీటీ మనిషి చేతిలో లేనప్పుడు ముందు ఆగిపోయేది ఆటా పాటే. పని ఆగలేదు కదా.

అతను 2021లో ఊరెళ్ళిపోయాడు, తిరిగి రాలేదు. అతను ఆడగా నేను కళ్ళారా ఒక్కసారి కూడా చూడలేదు.

ఇప్పుడు నా పద్ధతి మార్చుకున్నాను. సోమవారమే అడుగుతాను, ఈ ఆదివారం ఎవరికి ఏ కార్యక్రమం ఉందని. నోట్‌బుక్‌లో రాసుకుంటాను. పాట, క్రికెట్, గుడిలో భజన, ఏదైనా సరే, ముందు వాళ్ళని పక్కన పెట్టి తర్వాత లిస్టు రాస్తాను. ఇన్నేళ్ళలో దాని వల్ల ఒక్క కాస్టింగూ ఆగలేదు.

నేనూ వెళ్తున్నాను. పోయిన నెల ఒక బెంగాలీ రాడ్ బెండర్ పాడుతుంటే వెళ్ళాను. భాష తెలియదు. పన్నెండు మందిమి ఉన్నాం. అయిపోయాక వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. సూపర్‌వైజర్ వచ్చాడని కాదు, మనిషి వచ్చాడని.

కాబట్టి వెళ్ళండి. ముందు వరసలో కూర్చోండి. వీడియో తీసి మధ్యలో లేచిపోకండి, చివరిదాకా ఉండండి. టిక్కెట్టు ఉంటే కొనండి, ఫ్రీగా అడగకండి. ఆడినవాడికి ఒక టీ ఇప్పించండి. నాలాగా లిస్టు రాసే అన్నలు ఎవరైనా ఇది చదువుతుంటే, పేరు రాసే ముందు ఒక్కసారి ఆ మనిషిని అడగండి.

ఈ సంక్రాంతికి సెలవు పెట్టాను. మా వాడికి ఫోన్ చేసి, "ఎక్కడ ఆడుతున్నావురా, చూడ్డానికి వస్తాను" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కాస్టింగ్ లేదా అన్నయ్యా?" అన్నాడు.

లేదన్నాను.