బీరువాలో మన పటాలాలు

కవిత్వం, కథలు చదివే మిత్రుల నడుమ యుద్ధాల చరిత్ర చదివేవాడు కాస్త వింత మనిషి. ఫిరంగులెన్ని, సిపాయిలెందరు అని లెక్కలు చూసుకుంటూ కూర్చుంటాడని వాళ్ల అనుమానం. అందులో కొంత నిజం లేకపోలేదు. నా దగ్గర అలాంటి పుస్తకాలు రెండు బీరువాల నిండా ఉన్నాయి. సగం బెంగుళూరు అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల దుకాణాల్లో కొన్నవి, కొన్ని పునర్ముద్రణలు, కొన్ని చెద పురుగు నుంచి కాపాడి తెచ్చుకున్నవి. ఉద్యోగం చేసినన్నాళ్లూ చోటున్న చోటల్లా కుక్కాను. ఉద్యోగ విరమణ తరువాత తీరిక దొరికింది కనుక ఒక వరసలో సర్దుదామని కూర్చున్నాను. ఆ సర్దుబాటులో తేలిన సంగతులు నాలాగే ఆంధ్రదేశానికి వెలుపల స్థిరపడిన తెలుగువారికి పనికొస్తాయని ఈ వ్యాసం.

గ్రంథాలయాల పద్ధతి అందరికీ తెలిసిందే. యుద్ధాల వారీగా సర్దుతారు. కర్ణాటక యుద్ధాలు ఒక అర, మైసూరు యుద్ధాలు ఒక అర, తరువాత మరాఠా, బర్మా, 1857. అలా పెడితే కంటికి కనిపించేది సేనానులే. క్లైవు, కూటు, వెల్లెస్లీ. సిపాయి మాత్రం అంకెగా వస్తాడు, అంకెగానే పోతాడు. "సిపాయిలు 2,000" అని ఉంటుంది. ఆ రెండు వేల మంది ఏ ఊళ్లవారు, ఏ భాషవారు, యుద్ధం అయ్యాక ఎక్కడికి పోయారు అన్న ప్రశ్నకు ఆ వరసలో జవాబు దొరకదు.

అందుకని నేను మరో పద్ధతి పెట్టుకున్నాను. తెలుగు ఊరి పేరో, తెలుగు సిపాయి ప్రసక్తో వచ్చిన ప్రతి పుటలో ఒక కాగితం ముక్క పెట్టాను. తరువాత పుస్తకాలను ఆ కాగితాల వరసలో, మనవాళ్లు నడిచిన దారి ప్రకారం పేర్చాను.

మొదటి అరలో రాబర్ట్ ఓర్మ్ ఉన్నాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి హిందూస్థానంలో ఇంగ్లీషువారి యుద్ధ వ్యవహారాల చరిత్ర రాశాడు. మొదటి సంపుటం 1763లో, రెండోది 1778లో వెలువడ్డాయి. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం అందులో ఉంది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో జరిగిన యుద్ధమూ ఉంది. విజయనగరం ఆనంద గజపతిరాజు కోరగా బెంగాలు నుంచి కర్నల్ ఫోర్డు సుమారు 500 మంది తెల్ల సైనికులతో, 2,000 మంది సిపాయిలతో వచ్చాడు. ఎదుట కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలో ఫ్రెంచివారు. ఏపుగా ఎదిగిన జొన్నచేను చాటున ఫోర్డు తెల్ల పటాలం కనబడకుండా నిలిచింది. బయట కనిపిస్తున్న సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కుని ఉన్నారు. ఎర్రకోటు చూసి ఫ్రెంచివారు వీళ్లే ఇంగ్లీషువాళ్లనుకుని వారి మీదికి దూకారు. పక్కనుంచి అసలు పటాలం కాల్పులు మొదలుపెట్టింది. ఆ రోజుతో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివారి పని దాదాపు అయిపోయింది. కొన్ని నెలలకే, 1759 ఏప్రిల్లో, మచిలీపట్నం కోట కూడా పోయింది. యానాంలో ఉన్న పాఠకులకు ఈ కథ నేను చెప్పనక్కరలేదు. ఇంత వివరంగా రాసిన ఓర్మ్, ఆ ఎర్రకోటులో ఉండి దెబ్బ కాచుకున్న మనిషి ఏ ఊరివాడో చెప్పడు.

మనిషి పేరు నిలవలేదు గానీ జాతి పేరు మాత్రం విచిత్రంగా నిలిచింది. 1756 అక్టోబరులో క్లైవు మద్రాసు నుంచి ఓడలెక్కి కలకత్తా వెళ్లాడు. వెంట సుమారు 900 మంది తెల్లవారు, 1,500 మంది సిపాయిలు. మరుసటి ఏడు జూన్ 23న ప్లాసీ. తెల్లవాళ్ల మాదిరి దుస్తులు, వాళ్ల మాదిరి కవాతు చేసే నల్లసిపాయిలను బెంగాలు జనం చూసింది అప్పుడే. దక్షిణాది తీరం నుంచి వచ్చారు కనుక వాళ్లను 'తిలంగా'లన్నారు. 1780ల నాటి గులాం హుస్సేను పారశీక చరిత్రలో ఈ మాట ఉంది. యూల్, బర్నెల్ 1886లో అచ్చువేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ మాటకు ప్రత్యేకంగా చోటిచ్చి, పుట్టుక ఇదేనని వివరించింది. అసలు చిత్రం ఇంకా ఉంది. 1857లో మీరట్ నుంచి ఢిల్లీ చేరిన తిరుగుబాటు సిపాయిలను ఆ నగరవాసులు 'తిలంగే' అనే పిలిచారు. వాళ్లలో ఎక్కువమంది అవధ్, బీహారు ప్రాంతాలవారు. మన భాష ముక్క కూడా ఎరగరు. అప్పటికి నూరేళ్లలో మన పేరు ఉత్తరాదిలో 'సిపాయి' అనే అర్థానికి స్థిరపడిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మద్రాసు సిపాయిలందరూ తెలుగువారు కారు. తమిళులున్నారు, ముస్లిములున్నారు, ఇతరులున్నారు. బెంగాలీల కంటికి మద్రాసు తీరమంతా తెలంగమే. కనుక ప్లాసీ గెలిచింది మనవాళ్లేనని ఎవరైనా సభలో చెబితే చప్పట్లు కొట్టే ముందు ఆలోచించాలి. గెలిచి ఎవరికి పెట్టారన్నది కూడా ఆలోచించాల్సిందే.

రెండో అరలో మద్రాసు సైన్యం చరిత్ర. కర్నల్ విల్సన్ రాసినది, 1882 నుంచి 1889 వరకు మద్రాసులో అచ్చయింది. అయిదు సంపుటాలు. కథనం ఎండుగడ్డిలా ఉంటుంది, కానీ ఓపిగ్గా నమిలితే సారం ఉంది. 1780లో హైదరాలీ కర్ణాటకం మీద పడ్డాడు. ఆ అక్టోబరులో విశాఖపట్నంలో ఉన్న సర్కారు సిపాయిలను ఓడెక్కి మద్రాసు రమ్మని ఉత్తరువు వచ్చింది. వాళ్లు ఎక్కమన్నారు. తుపాకులు తిప్పారు, అధికారులు చచ్చారు. వేలూరుకు 26 ఏళ్ల ముందు, 1857కు 77 ఏళ్ల ముందు సంగతి ఇది. విల్సన్‌కు అది క్రమశిక్షణ తప్పిన ఘటన. నాకు మాత్రం సముద్రం వైపు చూసి, ఇల్లు విడిచి రామన్న మనుషులు కనిపించారు.

1806 జూలై 10 నాటి వేలూరు తిరుగుబాటు అందరికీ తెలుసు. కొత్త తలపాగా, నుదుటి బొట్టు మీద నిషేధం, గడ్డం మీద ఆంక్ష, కోటలోనే టిప్పు కొడుకులు. తెలియనిది ఆ తరువాతి కథ. తిరగబడిన రెండు పటాలాల అంకెలను సైన్యం జాబితాలోంచి కొట్టివేశారు. మొదటి రెజిమెంటులో మిగిలినవారితో 24వది కట్టారు. పదకొండేళ్లకు, 1817 నవంబరు 26, 27 తేదీల్లో, నాగపూరు సీతాబర్డి గుట్ట మీద భోంస్లే సేనలను ఎదిరించి నిలిచిన మద్రాసు పటాలాల్లో ఈ 24వది ఒకటి. బహుమానంగా వాళ్లు అడిగింది తమ పాత అంకెను, దుస్తుల మీది పాత రంగును. ఇచ్చారు. కొట్టివేసిన పేరును తిరిగి రాయించుకున్న ఈ సంగతి చదివిన రోజు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఆ గుట్ట ఇప్పుడు నాగపూరు నగరం నడిమధ్య ఉంది. దానికి దగ్గరలో 1821లో కాంప్టీ దండు వెలిసింది. అక్కడ చాలాకాలం మద్రాసు పటాలాలే ఉండేవి. ఇక్కడ బెంగుళూరులో 1809లో దండు కట్టారు. ఇక్కడా కాపలా మద్రాసు సైన్యానిదే. కన్నడంలోనూ దాన్ని 'దండు' అనే అంటారు. 1780లో పుట్టిన మద్రాసు శాపర్ల కేంద్రం నేటికీ హలసూరు చెరువు పక్కనే ఉంది.

బెంగాలు సైన్యానికీ మద్రాసు సైన్యానికీ ఒక పెద్ద తేడా ఉంది. బెంగాలు సిపాయి కుటుంబాన్ని ఊళ్లో వదిలి వెళ్లేవాడు. మద్రాసు సిపాయి వెంట భార్యాబిడ్డలు, ముసలి తల్లి, వంట సామాను కూడా నడిచేవి. పటాలం ఎక్కడ దిగితే అక్కడ ఒక వీధి వెలిసేది. సిపాయి కొడుకును చిన్నతనంలోనే సగం జీతం మీద పటాలంలో చేర్చుకునే పద్ధతి ఉండేది. సముద్రం దాటి బర్మాకో చీనాకో పోయేవాడు జీతంలో కొంత ఇంటివారికి ముట్టేటట్టు రాసి పోయేవాడు. దండు కదిలి వెళ్లినా కొన్ని కుటుంబాలు కదలలేదు. మరాఠీ, కన్నడ, తమిళ ఊళ్ల మధ్య మన వీధులు కొన్ని అలా మిగిలినవే. మన వలస కథలు చెప్పుకునేటప్పుడు విజయనగర రాయలను, నాయక రాజులను తలుచుకుంటాం. న్యాయమే. కానీ నెలకు కొద్ది రూపాయల జీతానికి తుపాకీ మోసి వచ్చినవాణ్ణి తలుచుకోం.

మూడో అర చిన్నది. అందులో ముఖ్యమైనది లార్డ్ రాబర్ట్స్ ఆత్మకథ, 1897లో వచ్చింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతి, ఆ తరువాత మొత్తం భారత సైన్యానికి అధిపతి. దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని ఆయన నమ్మకం. యుద్ధజాతులు, యుద్ధజాతులు కానివి అని మనుషులను విడదీసిన కాలం అది. మద్రాసు పటాలాల్లో చాలావాటిని క్రమంగా పంజాబు మనుషులతో నింపారు. 1903 నాటికి పేర్లు కూడా మారిపోయాయి. నూట యాభై ఏళ్లు పోరాడినవాడికి 'పిరికిజాతి' అన్న ముద్ర పడింది. మన పిల్లలు ఆ ముద్రను నేటికీ ఎక్కడో ఒకచోట వింటారు. అందుకే ఈ పుస్తకాలు వరసగా చదివి ఉండడం మంచిది.

అలాగని వీరగాథలు అల్లమని నా మనవి కాదు. వాళ్లు కంపెనీ ఉప్పు తిన్నారు. టిప్పు మీద, మరాఠాల మీద, బర్మావారి మీద పోరాడారు. మన దేశం మన చేయి జారడంలో వాళ్ల తుపాకీ కూడా ఉంది. విశాఖలో, వేలూరులో అదే తుపాకీ తిరిగిందన్నదీ నిజమే. రెండూ ఒకే అరలో ఉండాలి. ఒకదాన్ని తీసి దాచేస్తే పక్క పుస్తకం పడిపోతుంది.

నాలుగో అర తెలుగు పుస్తకాలకని ఉంచాను. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర ఉంది. 1830లో మద్రాసు నుంచి బయలుదేరి హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ వెళ్లిన పెద్దమనిషి ఆయన. సిపాయి మాత్రం కాదు. ఉత్తరాది సుబేదారు సీతారాం ఆత్మకథగా 1873లో ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. అది నిజంగా అతను చెప్పిందేనా అన్న వాదం ఉంది. ఉన్నా, వాదించడానికి వాళ్లకొక పుస్తకమైనా ఉంది. తెలుగు సిపాయి తన నోటితో చెప్పుకున్న కథకు నా బీరువాలో చోటుంది, పుస్తకం లేదు.

పాఠకులలో ఎవరి ఇంట్లోనైనా పాత ట్రంకు పెట్టెలో పింఛను కాగితం, పటాలం విడుదల పత్రం, నల్లబడిన పతకం ఉండవచ్చు. పాత పతకాల అంచున సాధారణంగా పేరు, రెజిమెంటు అంకె చెక్కి ఉంటాయి. భూతద్దం పెట్టి చూడండి. చింతపండుతో గట్టిగా తోమకండి, అక్షరాలు పోతాయి. కాగితమైతే ఛాయాచిత్రం తీయించి, దాని వెనుక ఎవరిదో, ఏ ఊరి నుంచి వచ్చారో, ఇంట్లో చెప్పుకునే మాట ఏమిటో తెలుగులో రాసి పెట్టండి. తెలుగు చదవడం రాని మనవడికి మీరే చదివి వినిపించండి. విల్సన్ అయిదు సంపుటాల్లో లేని పేర్లు అవి.