కవితల పోటీకి అర్హులెవరు? – అమెరికా స్లామ్ చరిత్ర నుండి కొన్ని సంగతులు



మన పిల్లలకు కవితల పోటీ ఒకటి పెట్టవలెనను మాట మనవారిలో వచ్చినప్పుడెల్లా మొదట తెగని ప్రశ్న ఒక్కటే. పోటీలో నిలుచుటకు అర్హులెవరు? తెలుగు పరీక్ష ప్యాసైనవారే రావలెనని కొందరు పెద్దలందురు. పద్యము కట్టగలవాడే కవి, తక్కినవారు వినవలసినవారు అని మరికొందరందురు. పిల్లలేమో అమెరికాలో జరుగు ‘స్లామ్’ వంటిది కావలెను, అందులో ఏ నియమమూ లేదని చెప్పుదురు. ఈ చివరి మాట నిజము కాదు. స్లామ్‌కు నియమములు కలవు, అవి గట్టివి కూడ. అవి ఎట్లు పుట్టినవో, ఎవరిని లోపలికి రానిచ్చుటకు పుట్టినవో తెలిసికొని, ఆ పిదప మన నియమముల మాట ఎత్తుట మేలని ఈ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాను.

స్లామ్‌ను ప్రారంభించినవాడు పండితుడు కాడు. షికాగో నగరములో ఇండ్లు కట్టు పనిచేసిన మార్క్ స్మిత్ అనువాడు. ఆ రోజులలో కవితా పఠనమనగా కవులు కవులకే చదివి వినిపించుకొనుట, వినువారు కునికిపాట్లు పడుట. అది చూచి విసిగి ఆయన ఒక చిన్న సారాయి దుకాణములో కవితల రాత్రులు నడిపి, 1986 జూలైలో గ్రీన్ మిల్ అను పాత జాజ్ సంగీతపు క్లబ్బులో ఆదివారపు పోటీ ప్రారంభించెను. కవిత నచ్చకున్న శ్రోతలు చిటికెలు వేయవచ్చును, నేలను కాళ్ళతో తన్నవచ్చును, మూలుగవచ్చును. ఇక తీర్పరులు ఎవరనుకొన్నారు? ఆ రాత్రి అక్కడికి వచ్చిన జనములో నుండి నిలబెట్టిన ఐదుగురు. ఒక్కొక్కరు సున్న నుండి పది వరకు మార్కు వేసి పలకమీద ఎత్తి చూపవలెను. ఐదింటిలో అన్నిటికంటె పెద్దదియు అన్నిటికంటె చిన్నదియు తీసివేసి, మిగిలిన మూడును కూడుదురు. కనుక ఎంత గొప్ప కవికైనను ముప్పదికి మించి రావు.

మన సంప్రదాయమును దీని ప్రక్కన నిలిపి చూడుడు. శ్రీనాథుడు విజయనగరములో గౌడ డిండిమభట్టును ఓడించి అతని కంచుఢక్కను పగులగొట్టించెనని మనము చిన్ననాటి నుండి విన్నాము. అక్కడ తీర్పు చెప్పినది రాజసభ. తిరుపతి వేంకట కవులు ఊరూరా అవధానములు చేసినప్పుడు ప్రశ్నించిన పృచ్ఛకులు శాస్త్రము చదివినవారు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది – ఇవి తెలియనివాడు ఆ పీటమీద కూర్చుండనే లేడు. అనగా మన పోటీలో అడుగువాడికిని అర్హత కావలెను, చెప్పువాడికిని కావలెను. స్లామ్‌లో ఇద్దరికిని అక్కరలేదు. అవధానమును నేను తక్కువ చేయుట లేదు. దానికి సాటి మరొక భాషలో ఉన్నదని నేను నమ్మను. కాని చెరకు తోటలకు వచ్చిన మన ముత్తాతలలో ఎందరు పృచ్ఛకుల పీట చూచియుందురు? 1860లో మదరాసు నుండి ట్రూరో ఓడ ఎక్కి నాటాల్ చేరినవారిని అడిగిన అర్హత ఒక్కటే. ఒంటిలో బలమున్నదా, లేదా? గిర్మిట్ కాగితముమీద వేలిముద్ర వేసినవారి వంశమునకు ఛందస్సు వచ్చునా అని గుమ్మమువద్దనే అడుగుట నాకు న్యాయముగ తోచదు.

ఇక అర్హతల సంగతి. 1990లో సాన్ ఫ్రాన్సిస్కోలో మొదటి జాతీయ స్లామ్ జరిగినప్పుడు వచ్చినవి ముఖ్యముగ రెండు జట్లే, షికాగోవారును ఆ ఊరివారును. తరువాతి కాలములో జట్ల సంఖ్య డెబ్బదికి పైబడినది. అంతమందిలో ఎవరు రావలెనను ప్రశ్న అక్కడను వచ్చినది. వారు కవుల చదువును పరీక్షింపలేదు. ఊరి పోటీ జరిగిన తీరును పరీక్షించిరి. ఊరిలోని పోటీ అందరికి తెరచియుండవలెను, జట్టు ఆ పోటీలో గెలిచినవారితోనే ఏర్పడవలెను, నిర్వాహకుడు తన స్నేహితుల పేర్లు వ్రాసి పంపరాదు. నా దృష్టిలో స్లామ్ చరిత్ర అంతటిలోను మనము నేర్వదగిన ముఖ్య విషయము ఇదియే.

రెండవ చిక్కు లెక్కలది. సోమవారము ఒక గదిలో తీర్పరులు ధర్మాత్ములై అందరికి 28లు, 29లు పంచిరనుకొనుడు. మంగళవారము మరొక గదిలో కూర్చున్నవారు పిసినారులై 24 దాటలేదు. మార్కులనుబట్టి ఎంచినచో మంగళవారపు మొదటివాడు సోమవారపు చివరివానికంటె వెనుకబడును. అందుచేత జాతీయ పోటీలో తొలి ఆటల ఫలితమును స్థానమునుబట్టి ఎంచిరి. మొదట నిలిచినవారికి 1, రెండవవారికి 2, ఇట్లు రెండు రాత్రుల స్థానములు కూడి, తక్కువ మొత్తము వచ్చినవారిని ముందుకు పంపిరి. మార్కులు సమానులను విడదీయుటకు మాత్రమే పనికివచ్చినవి. మనవారు నాలుగు ఊళ్ళలో వడపోత పోటీలు పెట్టి మార్కులు ఒకచోట చేర్చి ఎంచుదమనుచున్నారు. దయచేసి అట్లు చేయవద్దు.

మరొక దోషము కూడ వారికి తెలిసినదే. రాత్రి సాగినకొలది మార్కులు తమంతట తామే పెరుగుచుండును. మొదట చెప్పినవాడు నష్టపోవును. దానికి విరుగుడుగ, పోటీలో లేని కవి నొకనిని ముందుగ నిలిపి చదివించి, తీర్పరులచేత ఉత్తుత్తి మార్కులు వేయింతురు. ఆ పాపము ‘బలి కవి’ అని పేరు పెట్టుకొన్నారు. దీనితో దోషము పూర్తిగ పోదు, కొంత తగ్గును. అందుకే వంతులు చీట్లు తీసి నిర్ణయింతురు, ఆవృత్తికొకసారి క్రమము మార్చుదురు. తక్కిన నియమములు మీలో చాలమందికి తెలిసియుండును. కవిత తనదే కావలెను, మూడు నిమిషములలో ముగియవలెను. పది సెకనుల వరకు మన్నింపు, అటుపైన ప్రతి పది సెకనులకు అర మార్కు కోత. వేషములు, వాద్యములు, చేతిలో వస్తువులు పనికిరావు. గడియారమునకు చుట్టరికము లేదు గనుక ఈ నియమమును గురించి పోట్లాట తక్కువ.

చుట్టరికమనగా గుర్తువచ్చినది. తీర్పరికి పోటీదారునితో సంబంధము ఉండరాదని స్లామ్‌లో నియమము. షికాగో వంటి మహానగరములో అది సులభము. మనలో? హాలులో రెండువందల మంది కూర్చుంటే నూట తొంబదిమంది బావలు, మరదళ్ళు, వియ్యపురాండ్రు. బయటివారిని పిలువవచ్చునందురు. బయటివారికి తెలుగు రాదు. తెలుగు వచ్చిన బయటివారు, అనగా ఈ నలుబది యేబది యేండ్లలో ఆంధ్రము నుండి నేరుగ అమెరికా వచ్చిన చదువరులు, మన ఉచ్చారణ విని నవ్వుకొందురని మనవారికి భయము. ఆ భయము ఉత్తది కాదు. మా అమ్మ పలికిన మాటను ఒక సభలో ఒకరు వెంటనే దిద్దిరి. ఆమె మరల సభలో నోరు తెరువలేదు. కనుక నా సలహా ఇది. ఐదుగురిలో ఇద్దరు బయటివారు, ముగ్గురు పోటీలో పిల్లలు లేని మన ఇండ్లవారు ఉండవలెను. పెద్ద మార్కు, చిన్న మార్కు తీసివేయు పద్ధతి మనకొరకే పుట్టినదా అనిపించును. మేనత్త వేసిన పది పోవును, పొలముగట్టు తగవు మరువని దాయాది వేసిన రెండు పోవును. మేనత్తలు ముగ్గురైనప్పుడు ఈ పద్ధతియు చేతులెత్తును, అది వేరు సంగతి.

అన్నిటికంటె కష్టమైనది భాష. ఇక్కడ న్యూయార్కు కథ వినదగినది. 1973లో మిగెల్ ఆల్గరీన్ అను కవి తన ఇంటిలోనే ప్రారంభించిన ‘న్యూయోరికన్’ కవుల కేఫ్, 1989 ప్రాంతమున బాబ్ హోల్మన్ పూనికతో స్లామ్‌కు పేరుపొందిన వేదిక యైనది. అది పోర్టోరికోవారిది. చెరకు పండించు ద్వీపము నుండి బ్రతుకుతెరువుకై న్యూయార్కు చేరిన జనము. వారి పిల్లలు సగము స్పానిష్, సగము ఇంగ్లీషు కలిపి మాట్లాడిరి. ‘న్యూయోరికన్’ అను మాటయే న్యూయార్కును పోర్టోరికోను కలిపి కట్టినది. ఆ కలిపిన భాషలోనే వారు కవిత చెప్పిరి, గుమ్మమువద్ద ఎవ్వరును ఆపలేదు. ఆ ద్వీపమువారే 1900లో, తుపాను తరువాత, హవాయి చెరకు తోటలకు కూలికి పోయిరి. హవాయి తోటలలో చైనీయులు, జపానువారు, పోర్చుగీసువారు, ఫిలిప్పీనులవారు కలిసి పనిచేసి కలగూరగంప భాష యొకటి పుట్టించిరి. మనవారికి మారిషస్‌లో క్రియోలు, నాటాల్‌లో ఫనగలో, ఫిజీలో ఫిజీ హిందీ వచ్చినట్లే. 2008లో అమెరికా యువకుల జాతీయ స్లామ్ ‘బ్రేవ్ న్యూ వాయిసెస్’లో గెలిచినది హవాయి జట్టు. ఆ జట్టులోని జమైకా ఓసోరియో 2009 మే నెలలో వైట్ హౌస్‌లో హవాయి మాటలు, ఇంగ్లీషు కలిపి ‘కుములిపో’ అను కవిత చెప్పెను. పూర్వుల పేర్లు మరపునకు వచ్చుటను గురించిన కవిత అది. మన ఇండ్లలో ఎందరు పిల్లలు తాత తండ్రి పేరు చెప్పగలరు?

కలిపిన భాషను రానిచ్చినచో తెలుగు మిగులదని పెద్దలు చెప్పు మాటలో బలము లేకపోలేదు. స్లామ్‌ను మెచ్చనివారు అమెరికాలోను కలరు. హెరాల్డ్ బ్లూమ్ అను పేరుపొందిన విమర్శకుడు 2000లో దీనిని కళకు చావు అని తిట్టెను. గట్టిగ అరచినవాడే గెలుచుట నేనును చూచితిని, నొచ్చుకొంటిని. జాతీయ పోటీ కూడ 2018లో షికాగోలో జరిగినదానితో ఆగిపోయినది. నియమములు ఎంత మంచివైనను వాటిని నడుపు మనుషులు అలసిపోవుదురు. అయినను తెలుగు పరీక్షను గుమ్మమువద్ద పెట్టుటకంటె లోపల పెట్టుట మేలని నా అభిప్రాయము. వడపోత పోటీకి ఎవరైనను రావచ్చును, పేరు వ్రాసికొని చీటీ తీయవచ్చును, ఏ భాష కలిపినను కలుపవచ్చును. తుది పోటీకి వచ్చినవారు చెప్పు కవితలలో ఒక్కటి మాత్రము ఆద్యంతము తెలుగులో ఉండవలెను. ఉచ్చారణకు మార్కు తగ్గింపరాదు. వడపోతకును తుదికిని నడుమ ఆరు నెలలు గడువు ఇచ్చినచో, ఆ ఒక్క కవితకొరకు పిల్లలు అవ్వల దగ్గర కూర్చుందురు.

మిగిలిన తగవు కాగితము గురించినది. చూచి చదువరాదు, నోటికి రావలెనని కొందరి పట్టు. స్లామ్‌లో చాలమంది కంఠస్థము చేసి చెప్పుదురు గాని, కాగితము పట్టుకొనుట నిషేధము కాదు. మన పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొని తెత్తురు, అది అవమానమని పోయినసారి సభలో గట్టి వాదన జరిగినది. కాగితము చదువువాని చేతిలో ఉండును, వినువారికి లిపి కనబడదు. ఆ నియమమును ముసాయిదా నుండి కొట్టివేయుదమని వచ్చు సమావేశములో నేను ప్రతిపాదింపబోవుచున్నాను. ఒప్పుకొననివారు దయచేసి ముందుగ ఈ పత్రికకే వ్రాయుడు.