భావనపాటి సీమలో జమీందారీ

భావనపాటి రేవునుండి నౌపడ ఉప్పుమళ్లను దాటి పడమటగా టెక్కలి దారి పట్టినచో, నేడు సర్వే నంబర్లుగా మాత్రమే మిగిలిన పల్లపు భూములు కానవచ్చును. ఈ సీమయంతయు ఒకప్పుడు టెక్కలి, పర్లాకిమిడి, మందస మొదలైన దివాణముల యేలుబడిలో నుండెను.

ఉత్తర సర్కారులు 1766లో నైజాముతోడి ఒడంబడికచే కుంఫిణీ వశమైన పిమ్మట, 1794లో పద్మనాభ యుద్ధమున విజయనగర ప్రభువు చిన విజయరామరాజు నేలకొరిగినంతనే, కోటలకన్న కచ్చేరీలకే బలమెక్కువైనది. 1802 నాటి 25వ రెగ్యులేషను జమీందారు చెల్లింపవలసిన పేష్కషును ఆచంద్రార్కముగా స్థిరపరచెను గాని, రైతు చెల్లింపవలసిన సిస్తును అట్లు స్థిరపరుపలేదు. ఆ వ్యవస్థ లోపమంతయు ఈ ఒక్క విస్మృతిలోనే యున్నదని నా తలంపు. (విస్మృతి యనుట కేవలము మర్యాదకే సుమా!) జమీందారు పట్టా, రైతు దానికి బదులుగా ముచ్చిలిక (ఒప్పుదల పత్రము) వ్రాసుకొనవలెనని అదే యేట వేరొక శాసనము పుట్టినను, వ్రాత నెరుగని రైతునకు కరణము చెప్పినదే పట్టా. పాలు పంచుకొను ఊళ్లలో కళ్లమందు రాశిపై దివాణపు మనిషి ముద్ర వేసిన పిదప, ఆ ముద్ర విప్పి కొలత ముగియువరకు, తాను పండించిన ధాన్యములో గుప్పెడు గింజలైనను రైతు ఇంటికి తీసికొనిపోరాదు.

1908 నాటి ఎస్టేటు భూముల చట్టము సేద్యపు రైతునకు శాశ్వతమైన సాగుహక్కును ఒసగెను. అడవిపై హక్కు మాత్రము వివాదముగనే నిలిచినది. నాగలికఱ్ఱకు, ఇంటివాసమునకు కూడ దివాణపు అనుమతి కావలసివచ్చెను. మందస జమీందారీలో రైతులు ఆ హక్కును తామే చేజిక్కించుకొనబూనగా, 1940 ఏప్రిల్ 1వ తేదీన గుడారి రాజమణిపురమున పోలీసు కాల్పులకు సాసుమాను గున్నమ్మ మొదలైన ఐదుగురు బలియైరి. అంతకు నాలుగేండ్లు ముందుగా, 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు, పర్లాకిమిడి కోట ఆవలికి పోయి, ఆ ఎస్టేటు గ్రామములలో అధికభాగము మద్రాసు రాష్ట్రమునందే నిలిచినది. రాజొక రాష్ట్రమున, రైతులొక రాష్ట్రమున! సిస్తు మాత్రము ఆగలేదు.

1948 నాటి 26వ చట్టము ఎస్టేటులను రద్దుచేసి రైత్వారీ పట్టాలకు త్రోవ తీసెను. ఆ చట్టముచే జమీందారునకు నష్టపరిహారము లభించినది. తరతరములుగా అధికపు సిస్తు చెల్లించిన రైతునకు పరిహారమేదియు లభింపలేదు.