కొత్త కారు బానెట్‌పై రాళ్ల దెబ్బలు.. అచ్యుతాపురం రూట్‌లో తిరిగే కార్లకు పీపీఎఫ్ అవసరమా? ఎక్కడ వేయిస్తే చాలు?

షోరూం నుంచి కారు బయటకొచ్చి నెల కూడా కాలేదు. పూజ చేయించినప్పటి పసుపు మరక స్టీరింగ్ మీద ఇంకా పోలేదు. కానీ బానెట్ అంచున ఆవగింజంత తెల్ల చుక్క కనిపిస్తుంది. వారం తిరిగేసరికి దాని పక్కనే ఇంకోటి. అనకాపల్లి నుంచి మునగపాక మీదుగా అచ్యుతాపురం డ్యూటీకి రోజూ కారులో వెళ్లొచ్చేవాళ్లకు ఇది తెలిసిన బాధే. టిప్పర్ వెనక పడ్డారంటే చాలు.. టక్‌మని ఒక చప్పుడు, ఇంటికెళ్లి చూస్తే ఒక చుక్క.

అందుకే కారు కొనగానే ‘పీపీఎఫ్ వేయించాలా’ అన్న ప్రశ్న వస్తోంది. పీపీఎఫ్ అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్. కారు పెయింట్ మీద అతికించే పారదర్శకమైన పొర. పని చేస్తుందా అంటే చేస్తుంది. అయితే కారు మొత్తానికి వేయించాలా, ఏ ఫిల్మ్ వేయించాలి, వేసే ముందు ఏం చేయాలి అన్నది తెలియకపోతే డబ్బులు పోవడమే కాదు, కొన్నిసార్లు ఫిల్మ్ కిందే తుప్పు మొదలవుతుంది.

ఈ రూట్‌లోనే ఎందుకిలా?

అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో సెజ్ ఉంది. పక్కనే పరవాడ ఫార్మా సిటీ, సింహాద్రి ఎన్టీపీసీ. విశాఖ వైపు వెళితే స్టీల్ ప్లాంట్, గంగవరం పోర్టు. కంకర, బూడిద, బొగ్గు, ఇనుప సరుకు.. అన్నీ లారీల మీద ఇవే రోడ్లలో తిరుగుతాయి. రాయి లారీలోంచే పడిందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు అది రోడ్డు మీద ఉన్న రాయే. లారీ టైర్ గాడిలో ఇరుక్కుని, వేగానికి వెనక్కి విసిరినట్టు వస్తుంది. టార్పాలిన్ కప్పిన లారీ వెనక ఉన్నా దెబ్బ తప్పకపోవడానికి కారణం ఇదే.

వేగం సంగతి కూడా చూడాలి. 40 కిలోమీటర్ల వేగంతో తగిలే దెబ్బ కంటే 80లో తగిలే దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు. లారీకి దూరం పెంచి, వేగం తగ్గించడం పైసా ఖర్చు లేని పీపీఎఫ్. కానీ షిఫ్ట్ టైంకి చేరాల్సినవాళ్లకు ఆ సలహా రోజూ కుదరదు.

వెంట్రుక కంటే కాస్త మందం.. అంతే పెయింట్

కారు పెయింట్ ఒకే పొర కాదు. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక కోటింగ్, దానిపై ప్రైమర్, ఆపైన రంగు, అన్నింటికీ పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్. ఇన్ని పొరలు కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మనిషి వెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే రేకుకి, సముద్రపు గాలికి మధ్య ఉన్న అడ్డు రెండు వెంట్రుకలంత. మంచి పీపీఎఫ్ మందం 150 నుంచి 200 మైక్రాన్లు. పెయింట్ కంటే ఫిల్మే మందం అన్నమాట. పైగా అది సాగే గుణం ఉన్న పాలీయురెథేన్. రాయి తగిలినప్పుడు కొంచెం లోపలికి నొక్కుకుని, దెబ్బని పంచుకుని మళ్లీ పైకి లేస్తుంది.

అసలు ఈ ఫిల్మ్ కార్ల కోసం పుట్టలేదు. వియత్నాం యుద్ధ కాలంలో ఇసుక, రాళ్ల దెబ్బలకు అమెరికా హెలికాప్టర్ల రెక్కలు పాడవుతుంటే వాటికి అంటించడానికి తయారైంది. తర్వాత రేసింగ్ కార్లకు, అక్కడి నుంచి మామూలు కార్లకు వచ్చింది.

ఇక్కడే చాలామంది సిరామిక్ కోటింగ్‌తో కన్ఫ్యూజ్ అవుతారు. సిరామిక్ అంటే పెయింట్ మీద గట్టిపడే అతి పలుచని ద్రవం. నీళ్లు జారిపోతాయి, దుమ్ము తేలిగ్గా పోతుంది, మెరుపు నిలుస్తుంది. రాయిని మాత్రం ఆపలేదు. ‘సిరామిక్ వేయిస్తే స్టోన్ చిప్స్ పడవు’ అని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ముందు బానెట్.. బంపర్ తర్వాతే

రాళ్లు ఎక్కువగా తగిలేది ముందు బంపర్‌కే. షాపులో కూడా మొదట బంపర్ గురించే చెబుతారు. కానీ నేటి కార్లలో బంపర్ ప్లాస్టిక్. రంగు ఊడినా తుప్పు పట్టదు, అందం పోతుందంతే. బానెట్ అలా కాదు. ఎక్కువ కార్లకు అది ఇనుప రేకే. చుక్క రేకు దాకా దిగితే పూడిమడక తీరం నుంచి వచ్చే ఉప్పు గాలి మిగతా పని చేస్తుంది. ముందు అద్దం పైన రూఫ్ అంచు, అద్దానికి రెండు పక్కల ఉండే పిల్లర్లు కూడా ఇంతే.

ఎవరూ పట్టించుకోని చోటు ఇంకోటి ఉంది. డోర్ల కింద పొడుగ్గా ఉండే పట్టీ, వెనక చక్రం ముందు భాగం. అక్కడ దెబ్బ ముందు లారీ వల్ల కాదు, సొంత టైర్ల వల్లే. రెండు వైపులా మంచి మడ్ ఫ్లాప్స్ బిగిస్తే కొన్ని వందల ఖర్చుతో సగం సమస్య తీరుతుంది. మిగిలినదానికి ఫిల్మ్.

చిన్న కారు, కాంపాక్ట్ ఎస్‌యూవీ లాంటివాటికి బాడీ మొత్తం మంచి ఫిల్మ్ అంటే దాదాపు 60 వేల నుంచి లక్షన్నర వరకు కొటేషన్లు వినిపిస్తాయి. 8 లక్షల కారుకి, ఈఎంఐ కడుతూ అంత పెట్టడం చాలా ఇళ్లకు భారమే. బానెట్, ఫెండర్ల ముందు భాగం, రూఫ్ అంచు, పిల్లర్లు, డోర్ కింది పట్టీలు, హెడ్‌లైట్లు.. ఇంతవరకు వేయించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. రాళ్లు తగిలే చోట్లూ ఇవే. రూఫ్ మధ్యలో, డిక్కీ మీద రాయి ఎందుకు పడుతుంది?

ఫిల్మ్ కింద ఇనుప ధూళి

ఈ ప్రాంతంలో కారున్నవాళ్లు అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. పరిశ్రమల దగ్గర, రైల్వే ట్రాక్‌ల పక్కన పార్క్ చేసే కార్ల మీద సన్నని ఇనుప రేణువులు పడి పెయింట్‌లో గుచ్చుకుంటాయి. తెల్ల కారు మీద గోధుమ రంగు చుక్కల్లా కనిపించేవి చాలావరకు ఇవే. సబ్బు నీళ్లకు పోవు. ఐరన్ రిమూవర్ చల్లితే ఊదా రంగులోకి కరిగి దిగుతాయి. తర్వాత క్లే బార్‌తో రుద్దితే చేతికి నున్నగా తగులుతుంది. ఈ పని చేయకుండా ఫిల్మ్ అంటిస్తే రేణువులు లోపలే ఉండిపోతాయి. అప్పటికే రేకు దాకా దిగిన చుక్క ఉంటే, టచప్ చేయకుండా కప్పడం తుప్పుని దాచిపెట్టడమే. కారు కొన్న నెలలోపే వేయించుకోవడం మేలు అనడానికి కారణం ఇది.

యాక్సిడెంట్ తర్వాత మళ్లీ పెయింట్ వేసిన ప్యానెల్ ఉంటే ఆ మాట షాపులో తప్పక చెప్పాలి. కొత్త పెయింట్ పూర్తిగా ఆరడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆగకుండా ఫిల్మ్ వేస్తే, తర్వాత దాన్ని తీసేటప్పుడు రంగు కూడా ఊడొచ్చే ప్రమాదం ఉంది.

పీవీసీనా, టీపీయూనా?

చవగ్గా దొరికే ఫిల్మ్‌లలో చాలావి పీవీసీ. ఎండకు పసుపు రంగు తిరుగుతాయి, బిరుసెక్కి పగులుతాయి, తీసేటప్పుడు జిగురు వదలదు. టీపీయూ అని చెప్పి పీవీసీ అంటిస్తున్నారేమో అన్న అనుమానం ఉంటే ఒక చిన్న ముక్క అడిగి తీసుకుని సాగదీసి చూడాలి. టీపీయూ రబ్బరులా సాగి వెనక్కి వస్తుంది. పీవీసీ సాగిన చోటే ఉండిపోతుంది. ‘సెల్ఫ్ హీలింగ్’ అనేది నిజమే. సన్నని గీతలు ఎండకో, వేడినీళ్లకో మాయమవుతాయి. అయితే అది పైపొర గీతల వరకే. తాళంతో గట్టిగా గీస్తే, పెద్ద రాయి తగిలి చిరిగితే అతుక్కోదు. ఆ ప్యానెల్ ఫిల్మ్ మార్చాల్సిందే.

బిల్లులో ఫిల్మ్ కంపెనీ పేరు, మోడల్, రోల్ నంబర్ రాయించుకోవాలి. వారంటీ కార్డు షాపు ఇస్తుందా, కంపెనీ ఇస్తుందా అన్నదీ అడగాలి. ముక్కలు ఎలా కోస్తారన్నది ఇంకో ప్రశ్న. కంప్యూటర్ ప్లాటర్ మీద కారు మోడల్‌కు తగ్గట్టు కోసి తెస్తే పెయింట్‌కు బ్లేడు తగలదు. కారు మీదే కోసే చోట చేయి తిరిగినవాళ్లు లేకపోతే పెయింట్ మీద బ్లేడు గీతలు పడతాయి. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో, దుమ్ములో వేసే పని కాదిది. ఒక్క ఇసుక రేణువు లోపల చిక్కినా బొడిపెలా కనిపిస్తూనే ఉంటుంది.

వేయించాక వారం రోజులు కారు కడగొద్దు. లోపలి నీరు ఆరేదాకా చిన్న చిన్న బుడగలు కనిపిస్తే కంగారు అక్కర్లేదు, గోటితో గిల్లొద్దు. తర్వాత కూడా ప్రెషర్ వాషర్‌ను ఫిల్మ్ అంచులకు దగ్గరగా పెట్టకూడదు. అంచు లేస్తే అక్కడ దుమ్ము చేరి నల్ల గీత పడుతుంది. పిట్టల రెట్టలు, చెట్టు జిగురు ఫిల్మ్ మీదైనా రోజుల తరబడి వదిలేస్తే మరకలవుతాయి.

రంగు మార్చే ఫిల్మ్ వేయించుకుంటే ఆర్సీలో ఉన్న రంగుకు, కారు రంగుకు తేడా వస్తుంది. రవాణా శాఖలో మార్పు నమోదు చేయించాలి. పారదర్శక ఫిల్మ్‌కు ఆ సమస్య లేదు. ఇక ఇప్పటికే చుక్కలు పడ్డ కారైతే, కంపెనీ రంగు కోడ్ చూసి చిన్న టచప్ సీసా తెచ్చుకోవచ్చు. ఆ కోడ్ చాలా కార్లలో డోర్ పిల్లర్ దగ్గరో, బానెట్ కిందో స్టిక్కర్ మీద ఉంటుంది. వానాకాలం రాకముందే, చుక్కని శుభ్రం చేసి, ఆరాక, అగ్గిపుల్ల మొనతో ఒక్క బొట్టు పెడితే చాలు.